మిర్యాలగూడ పచ్చ కారు, సూర్యాపేట ఎర్ర కారు

తెనాలి నుంచి జనం సూర్యాపేట మీదుగా హైదరాబాదు వెళతారు. బస్సు ఆగితే దిగి టీ తాగుతారు, మళ్ళీ ఎక్కుతారు. సూర్యాపేటకే అని పనిగట్టుకుని బయలుదేరిన వాళ్ళు మా వీధిలో మేమే మొదలు. అదీ దేనికయ్యా అంటే, కారు చూడడానికి. మామూలు కారు కాదు, ఇటలీ కారు. దానికి పోటీగా మిర్యాలగూడలో ఇంగ్లండు కారు. రెండూ మా పెళ్ళికంటే ముందు పుట్టినవి. రెండూ ఇద్దరే కూర్చునే స్పోర్ట్సు కార్లు. రెండూ అమ్మకానికి ఉన్నాయి. ఏది కొనాలో తేల్చుకోవడానికి మావారు ప్రసాదరావు గారు బయలుదేరారు. ఆయన్ని తీసుకెళ్ళడానికి నేను బయలుదేరాను.

తీసుకెళ్ళడం అనే మాట ఊరికే అనలేదు. మా ఇంటి కారు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పోయినేడు కాలవ గట్టు మీద ఈయన కారు నడుపుతుండగా గుండెపోటు వచ్చింది. పక్కసీట్లో నేనున్నాను. కారు గట్టు దిగి మినప చేలోకి పోయి ఆగింది. నాకు రెండు గాజులు పగిలాయి, అంతే. ఈయనకు స్టెంటు వేశారు. ఆ తర్వాత డాక్టరు గారు పరీక్షలన్నీ చేసి, "నిక్షేపంగా బండి నడుపుకోండి" అన్నారు. ఈయన నడపలేదు. మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఎడారి రోడ్ల మీద తిరిగొచ్చిన మనిషి, "నీ ప్రాణం తీసేవాణ్ణి సుభద్రా" అని ఒక్కసారి అన్నారు. అంతే, మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. పొద్దున్నే పేపరు, మాత్రలు, ఆ తర్వాత కిటికీ పక్కన కుర్చీ. నాకు ఆ కుర్చీని చూస్తేనే ఒళ్ళు మండేది.

అలాంటి మనిషి ఫోనులో పాత కార్ల వీడియోలు చూడడం మొదలుపెట్టారు. కార్బ్యురేటర్ల గురించి, తీగల చక్రాల గురించి అన్నం తింటూ మాట్లాడేవారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ మాట్లాడుతున్నారు కదా! ఒకరోజు, "మంచి బండి దొరికితే మళ్ళీ నడుపుతాను" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను చంద్రుడి మీద ఉన్న కారైనా సరే చూసొద్దాం పదండి అన్నాను. మా స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. అరవై దాటిన మొగుడికి స్పోర్ట్సు కారట అని వీధిలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ, వాళ్ళ సొమ్మేం పోయింది?

కార్ల కంపెనీల పేర్లు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ధర పెరుగుతుందని మావారి భయం. రాసినా పలకడం రాదని నా భయం. పచ్చ కారు, ఎర్ర కారు అనుకుందాం.

కోదాడ

బెజవాడ దాటాక ఈయన వెనకసీట్లోకి మారారు. ముందు కూర్చుంటే అస్తమానం లేని బ్రేకు తొక్కుతున్నారు. ఆ కాలు చూసి నాకు కంగారు. "వెనక్కి పోయి పడుకోండి మహానుభావా" అని నేనే పంపాను. అలా కోదాడలో టిఫిను హోటలు ముందు ఆగేసరికి, వెనక తలుపు తీసుకుని దిగినాయన సారు అయ్యారు, స్టీరింగు ముందున్న నేను డ్రైవరునయ్యాను. సర్వరు కుర్రవాడు ఆయనకు ఫ్యాను కింద బల్ల చూపించి, "డ్రైవరమ్మా, మీరు అటు కూసోండి, తొందరగా పెట్టిస్తా" అన్నాడు. ఈయన చాలా రోజుల తర్వాత పకపకా నవ్వారు. అందుకని వాడి మీద కోపం పెట్టుకోలేదు. నెయ్యి కారం ఇడ్లీ నలభై రూపాయలు. మా వైపు కారప్పొడి పక్కన వేస్తారు, వీళ్ళు ఇడ్లీ కనిపించకుండా మీద కుమ్మరిస్తారు. ముక్కు కారింది కానీ రెండో ప్లేటు చెప్పాను.

మధ్యవర్తి సత్యం అక్కడికే వచ్చాడు. పాత లారీలు కొనిపించడం, అమ్మించడం అతని పని. ఈ రెండు కార్లు అతని చేతికి ఎలా తగిలాయో అడిగితే, "లారీలకు తిరిగే కాళ్ళమ్మా, అన్నీ కనబడతయి" అన్నాడు. కోదాడ వాళ్ళ మాట చిత్రంగా ఉంటుంది. సగం కృష్ణా జిల్లా, సగం తెలంగాణ. ఎక్కడ గీత గీయాలో తెలియదు.

"సార్, పచ్చదాంట్లో వంక లేదు" అన్నాడు సత్యం. "ఇంజను మీది నంబరు, బాడీ మీది నంబరు, కాగితాల మీది నంబరు ఒక్కటే. పెయింటు కూడా కంపెనీదే. పార్టులు కావాలంటే ఇంగ్లండు నుంచి పార్సిల్లో వస్తయి. కలెక్షన్ చేసేవాళ్ళు ఎగబడి కొంటరు."

"మరి ఎర్రది?" అన్నారు ఈయన.

సత్యం టీ గ్లాసు తిప్పుతూ నవ్వాడు. "ఇంజను బంగారం సార్. బాడీ సంగతి మాత్రం నేను చెప్పను. ముందే చెబితే మీరు సూర్యాపేట పోరు."

మిర్యాలగూడ

హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళాం. మేళ్లచెరువు వైపు నుంచి వచ్చే సిమెంటు లారీలు ఆ రోడ్డుకు రాజులు. వాటి వెనక పడితే కారుకు విభూతి రాసినట్టే. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే తవుడు వాసన మొదలైంది. మా తెనాలిలోనూ మిల్లులున్నాయి. ఇక్కడ మాత్రం మిల్లుల మధ్య ఊరుంది.

పచ్చ కారు యజమాని ఒక మిల్లు రెడ్డిగారు. వయసు యాభై ఉంటుంది, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "రాండ్రి రాండ్రి, ఎండన వడి వచ్చిండ్రు, ముందుగాల మజ్జిగ తాగుండ్రి" అని కూర్చోబెట్టారు. మజ్జిగయ్యాక మిల్లు వెనక ఒక గది తాళం తీశారు. ఆ గదికి ఏసీ ఉంది. మిల్లు ఆఫీసుకు లేదు!

లోపల కారు. నాలుగు చెక్క దిమ్మల మీద, చక్రాలు నేలకు ఆనకుండా. నేను కార్లు తెలిసినదాన్ని కాదు, అయినా "అబ్బ!" అనకుండా ఉండలేకపోయాను. ముదురు పచ్చ రంగు. ముందు భాగమే సగం కారు. చక్రాలకు సన్నని తీగలు. లోపల నున్నటి చెక్క, దాని మీద గుండ్రటి మీటర్లు, గోధుమరంగు తోలు సీట్లు. ఈయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. ఎవరూ విడవమనలేదు.

"ఆరు సిలిండర్లు సుభద్రా, రెండు కార్బ్యురేటర్లు" అన్నారు గుసగుసగా. బ్యాటరీ లైటు వేసి నంబర్లు చూశారు. నేల మీద వెల్లకిలా పడుకుని అడుగు చూశారు. ఎక్కడా తుప్పు లేదు. ఆయన గొంతులో ఆ ఉత్సాహం విని, నేను లోపల్లోపల రెడ్డిగారి మిల్లుకు హారతి పట్టాను.

"మా నాయిన హైదరాబాదుల ఒక జాగీర్దారోళ్ళ కాడ కొన్నడు" అన్నారు రెడ్డిగారు. "కొన్నకాడికెల్లి గిదే రూము. వానల తిప్పితె పెయింటు కరాబైతదని, ఎండల తిప్పితె సీట్లు పగులుతయని తిప్పలే. నేను గూడ తిప్పలే. నెలకోపారి స్టార్ట్ జేస్త, బంద్ జేస్త."

"మరి అమ్మడమెందుకండీ?" అన్నాను.

"సూసుడు అయిపోయింది గదమ్మా!" అన్నారాయన. నిజమే, ఎన్నాళ్ళని చూస్తారు?

అప్పుడే అసలు సంగతి జరిగింది. రెడ్డిగారు పనివాళ్ళను పిలిచి దిమ్మలు తీయించి, తాళం ఈయన చేతికిచ్చి, "మిల్లు సుట్టు ఒక రౌండు కొట్టుండ్రి సార్" అన్నారు. ఈయన సీట్లో కూర్చున్నారు. స్టీరింగు పట్టుకున్నారు. నేను అటువైపు తలుపు తీయబోయాను. వెంటనే ఆయన చేతులు స్టీరింగు వదిలేశాయి. ముఖం మీద చెమట. ఏసీ గదిలో చెమట! "వద్దులెండి, పాత బండి, చూస్తే తెలుస్తోందిగా" అంటూ దిగిపోయారు. రెడ్డిగారే రెండు అడుగులు ముందుకు, రెండు అడుగులు వెనక్కి నడిపి చూపించారు. మళ్ళీ దిమ్మలు పెట్టించారు.

భోజనం రెడ్డిగారింట్లోనే. మా డెల్టా బియ్యం ముందు ఏవీ చాలవని నేను, సాగర్ నీళ్ళతో పండే మా సన్నబియ్యం తినిచూడమని ఆయన, కాసేపు సరదాగా వాదించుకున్నాం. పచ్చిపులుసు పోసుకుని తింటే అన్నం పువ్వులా ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. మేము పులుసంటే పొయ్యి మీద పెట్టాల్సిందే. వీళ్ళు పులుసు కాచరు. చింతపండు పిసికి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు వేసి, పోపు పెడితే సరి. ఎండాకాలంలో దీన్ని మించింది లేదు.

చేతులు కడుక్కుంటుంటే ఈయన నా చెవిలో అన్నారు. "ఇదే కొందాం. ఎర్రది చూడక్కర్లేదు."

వాడపల్లి

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు చూద్దామని వాడపల్లి వైపు కారు తిప్పాను. నిజానికి చూడ్డానికి కాదు, పోట్లాడడానికి. లాడ్జి గదిలో పోట్లాడితే పక్కవాళ్ళకు వినిపిస్తుంది.

ఏటి దగ్గర చేపల వేపుడు బండి ఉంది. వంద రూపాయలకు అప్పుడే పట్టిన చేప రెండు ముక్కలు, నిమ్మకాయ, ఉల్లిపాయ. ముళ్ళు తీసుకుంటూ మొదలుపెట్టాను.

"ఆ కారు తెచ్చి ఏం చేస్తారు?"

"షెడ్డు వేయిద్దాం. ఏసీ పెట్టిద్దాం."

"నడుపుతారా?"

ఆయన చేప వైపు చూశారు. "అంత మంచి బండిని రోడ్డెక్కిస్తారా ఎవరైనా? పాడైపోదూ!"

"అదీ సంగతి!" అన్నాను. "కదలని కారని తెలిసే కదా మోజు పడ్డారు? ఇంట్లో కిటికీ దగ్గర కుర్చీ ఉంది. దానికే పచ్చ రంగు వేయించి ఇస్తాను, లక్షలు మిగులుతాయి."

చేపలాయన మమ్మల్ని చూసి పొయ్యి వైపు తిరిగిపోయాడు. ఈయనకు కోపం రావాల్సింది, రాలేదు. నెమ్మదిగా అన్నారు. "స్టీరింగు పట్టుకుంటే నువ్వు పక్కన కనిపిస్తావు సుభద్రా. గట్టు కనిపిస్తుంది. నేనొక్కణ్ణే అయితే పోనీ అనుకుంటాను. నీ తలుపు తెరుచుకుంటున్న చప్పుడు వినగానే నా చేతులు నా మాట వినలేదు."

గొంతులో ముల్లు పడిందని చెప్పి నీళ్ళు తాగాను. ఈయన మళ్ళీ నడపకపోతే ప్రపంచం ఆగిపోదు, నాకు నడపడం వచ్చు. కానీ ఆ భయం ఆయన్ని రోజుకింత తినేస్తోంది. అది నాకు కళ్ళారా కనిపిస్తోంది. కూరగాయల బజారుకు కూడా నాతో కలిసి రావడం మానేసిన మనిషి. చివరికి, "మాటిచ్చాం కాబట్టి ఎర్రది చూసి, రెడ్డిగారికి రేపు ఫోను చేద్దాం" అన్నాను. సరేనన్నారు.

సూర్యాపేట

మర్నాడు పొద్దున సూర్యాపేట చేరాం. ఎర్ర కారు యజమాని లింగయ్య గారిది టెంటు హౌసు. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, పెళ్ళి స్టేజీ సింహాసనాలు, అన్నీ కిరాయికిస్తారు. డెబ్భై ఏళ్ళుంటాయి, నల్లగా, బక్కపలచగా, మెడలో కండువా. సత్యం కూడా అక్కడే కాచుకుని ఉన్నాడు, ఈయన ముఖం ఎలా మారుతుందో చూద్దామని.

షెడ్డులో పరదా తీశారు. ఈయన "అయ్యో రామా" అని పక్కనున్న బోర్లించిన బిందె మీద కూర్చుండిపోయారు.

చిన్న కారు, టాపు లేనిది, నిప్పులాంటి ఎరుపు. అంతవరకూ బాగానే ఉంది. వెనక డిక్కీ మూత మీద పెళ్ళి స్టేజీ సోఫా ఒకటి వెల్డింగు చేసేశారు, మెరూన్ మఖమలు, బంగారు రంగు సింహం తలలతో సహా. ముందు గ్రిల్లు తీసేసి వంటశాల ఎగ్జాస్టు ఫ్యాను బిగించారు. బానెట్టుకు పూలదండలు కట్టడానికి వరసగా కొక్కేలు. రంగు నాలుగుసార్లు మార్చారట. ప్రపంచంలో ఇలాంటి కార్లు సేకరించేవాళ్ళెవరైనా చూస్తే ఈయనకు వచ్చిన జబ్బే వస్తుంది.

"సోఫా ఏంటండీ!" అన్నారు ఈయన దీనంగా.

"బరాత్‌కు సార్" అన్నారు లింగయ్య గారు. "పిల్లా పిలగాడు లోపల గూసుంటె ఎవలకు కనవడతరు? మీదికి ఉండాలె. సిన్నగ నడుస్తది గద, ఇంజను కాగుతది, అందుకే ఫ్యాను."

పెళ్ళయ్యాక వధూవరులను ఊరేగించడమే బరాత్. మా వైపూ ఊరేగింపులున్నాయి కానీ ఇక్కడ దాని సందడి వేరు. సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు వదిలిపోతే ఈ కారు లింగయ్య గారి చేతికొచ్చిందట. అప్పట్నుంచి ఊళ్ళో బరాత్‌లు దీని మీదే. స్టీరింగు ఎడమ పక్క. బానెట్టెత్తితే ఈయన ముఖం కాస్త తేరుకుంది. ఇంజను మాత్రం అద్దం. తాళం తిప్పగానే అందుకుంది. పచ్చ కారు గొంతు బరువుగా గురగురమంటే, దీనిది పాట అందుకున్నట్టు సన్నగా పైకి పోతుంది. "ఎడమ స్టీరింగంటే నాకు కొట్టిన పిండి, మస్కట్‌లో అంతా ఇదే" అని ఈయన గొప్పలు పోయారు. ఆ గొప్పలే కొంప ముంచాయి, లేదా నిలబెట్టాయి.

"అమ్మడమెందుకు?" అని నేను ఇక్కడా అడిగాను.

"ముందట సీటు ఖాళీ అయింది తల్లీ" అన్నారాయన.

కథంతా చెప్పారు. మొదటి బరాత్‌కు ఆయన భార్య మల్లమ్మ పక్కసీట్లో కూర్చుందట. ముచ్చటకు కాదు, మొగుడు మధ్యలో దిగి తాగుతాడని కావలి! ఆ వెనక కూర్చున్న జంట మంచిగా బతికింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. దాంతో ఊరు ఊరంతా తేల్చేసింది, ముందట మల్లమ్మ దంపతులు కూర్చున్నందుకే అని. తర్వాతి పెళ్ళివాళ్ళు ఆమె కూర్చుంటేనే కారు కావాలన్నారు. "ముందట జంట సల్లగుంటె ఎనక జంట సల్లగుంటది" అని మాట పుట్టింది. కావలి కాస్తా ఆనవాయితీ అయింది. ఆమె పోయి ఏడాది. అప్పట్నుంచి కారు కదలలేదు.

"నేనొక్కన్ని ఎట్ల గూసుంటనమ్మా? గా సీటు దిక్కు సూడబుద్ధి కాదు" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇంతలో పట్టుచీరలో ఒకావిడ రొప్పుతూ వచ్చింది. వెనకింటి యాదమ్మ. ఆ పొద్దునే ఆవిడ కూతురు స్రవంతికి పెళ్ళి అయింది, సాయంత్రం బరాత్. "లింగన్నా, పిల్ల మంకు వట్టింది. డీజే బండి ఎక్కదట. మల్లమ్మత్త సిన్నప్పుడే మాటిచ్చింది, నాకు ఎర్రకారే గావాలె అని ఒకటే ఏడ్పు. జర సూడన్నా."

లింగయ్య గారు తల అడ్డంగా ఊపారు. "జంట లేదు యాదమ్మా. వేరే జంటను కూసోవెడ్దమంటె, నేను గాక ఎడమ స్టీరింగు నడిపెటోడు లేడు."

సత్యం గొంతు సవరించుకున్నాడు. "మన సార్‌కు ఎడమ స్టీరింగు కొట్టిన పిండట."

అందరూ మావైపు తిరిగారు. యాదమ్మ నా మెడలో సూత్రాలు చూసింది, నల్లపూసలు చూసింది. "పెండ్లయి ఎన్నేండ్లయిందమ్మా?" అంది. ముప్ఫై ఎనిమిదన్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించేసింది.

"కుదరదమ్మా" అన్నారు ఈయన. ముఖం పాలిపోయింది. "నాకు గుండెపోటు వచ్చింది. అప్పుడు ఈవిడ పక్కనే ఉంది. నా పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని నేను నడపను."

పరాయివాళ్ళ ముందు ఆ మాట ఆయన అనడం అదే మొదలు. లింగయ్య గారు దగ్గరకొచ్చి, "సార్, ఇది ఉరికే బండి గాదు. బరాత్‌ల మనుషులు ముందట నడుస్తరు, ఎనక మనం నడుస్తం. ఏమన్నయితె కాలు దీస్తె సాలు, ఆగుతది. నేను మీ తలుపు పట్టుకోని నడుస్త" అన్నారు.

ఈయన కదల్లేదు. నాకు ఆ దంపతుల ఆనవాయితీ మీద సదభిప్రాయమేమీ లేదు. మొగుడు పోయిన ఆడదాన్ని శుభానికి దూరం పెట్టడం మీద నేను మా వీధిలో ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. మరో రోజైతే యాదమ్మకూ నాలుగు మాటలు వడ్డించేదాన్నే. ఆ పూట మాత్రం నోరు మూసుకున్నాను. వెళ్ళి కుడివైపు తలుపు తీసి కూర్చున్నాను. కూర్చోవడం కాదు, దిగబడడం. ఆ సీటు నేలకు జానెడెత్తున ఉంది. నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"సుభద్రా, దిగు" అన్నారు ఈయన.

"దిగలేను. ఎక్కడం నా చేతనయింది, దిగడం నా వల్ల కాదు. క్రేను తెప్పించండి, లేకపోతే సాయంత్రం వచ్చి నడపండి."

యాదమ్మ పకాలున నవ్వింది. అప్పటికి ఇద్దరు ఆడవాళ్ళు పట్టి లేపారు నన్ను, భోజనాలకు.

బరాత్

భోజనంలో బగారా అన్నం, మటను, పప్పుచారు. ఈయన రెండు ముద్దలు తిని లేచి, షెడ్డులోకి వెళ్ళి కారు బ్రేకు తొక్కి చూసుకున్నారు. సాయంత్రం ఎండ తగ్గాక కారును పూలతో కప్పారు. నా ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం పెట్టారు. వెనక సోఫా మీద స్రవంతి, పెళ్ళికొడుకు. స్రవంతి ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసి, "అమ్మమ్మా, థాంక్స్" అంది.

ఈయన వచ్చి కూర్చున్నారు. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. లింగయ్య గారు అన్నమాట ప్రకారం తలుపు పట్టుకుని నిలబడ్డారు. డప్పులు మొదలయ్యాయి. ముందు కుర్రాళ్ళు తీన్మార్ దరువుకు ఎగురుతున్నారు. "ఇగ పోనియ్యుండ్రి సార్" అన్నారు లింగయ్య గారు. ఈయన కళ్ళు మూసుకున్నారు. నేను పళ్ళెం గట్టిగా పట్టుకున్నాను. కారు కదిలింది.

కదలడమంటే అది కదలడం కాదు. మా ముసలి ఆవు దానికంటే వేగంగా నడిచేది. పది అడుగులు, ఆగడం. ఒక పాట అయ్యేదాకా నిలబడడం. మళ్ళీ పది అడుగులు. ఆగినప్పుడల్లా లింగయ్య గారు సీసాతో ఇంజనుకు నీళ్ళు పోసి, మళ్ళీ వచ్చి తలుపు పట్టుకుంటున్నారు. మొదటి వీధి దాటేసరికి ఈయన చొక్కా తడిసిపోయింది. రెండో వీధిలో స్టీరింగు మీది పట్టు కాస్త సడలింది. మార్కెట్టు దగ్గర ఒక కుర్రాడు ఊపులో బానెట్టెక్కి కూర్చున్నాడు.

"ఒరేయ్! దిగరా బానెట్టు మీంచి! వంగిపోతుంది, అది ఇటలీ రేకు!" అని ఈయన అరిచారు.

ఏడాదిగా ఈ మనిషి గొంతు పెంచలేదు. కుర్రాడు దడుచుకుని దిగాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

పెళ్ళికొడుకు విడిదింటి ముందు ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో నిలబడి ఉన్నారు. ముందు సీట్లో కూర్చున్న జంటకే మొదట దిష్టి తీయాలట. మా ఇద్దరికీ తీశారు. ఒక్కొక్కరే వంగి నా నుదుట కుంకుమ పెట్టారు. యాదమ్మ వాళ్ళ వియ్యపురాలు, "మీ లెక్క తల నెరిసెదాక కలిసి ఉండాలని దీవించుండ్రి" అంది. పళ్ళెంలోంచి అక్షింతలు తీస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆ మినప చేలో అంబులెన్సు ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఈ కుంకుమ నాకు ఎవరూ పెట్టేవాళ్ళు కాదు. ఆ సంగతి నాకు అంతకు ముందు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణం దాకా నేనూ భయపడ్డానని నాకు తెలియదు. ఈయన భయం తీర్చడానికి ఊళ్ళు తిరుగుతూ, నా భయం సంగతే మర్చిపోయాను. అక్షింతలు వేస్తూ అందరి ముందూ భోరుమన్నాను. పెళ్ళివాళ్ళు సంతోషమనుకున్నారు. అదీ ఉంది మరి.

ఈయన అక్షింతలు వేసి, జేబురుమాలు తీసి నా ఒళ్ళో పెట్టారు.

కొత్త జంట లోపలికి వెళ్ళాక లింగయ్య గారు తలుపు మీదికి వంగారు. "సార్, తప్పయింది, ఇగ ఈ బండి అమ్మను. శ్రావణంల మూడు లగ్గాలున్నయి. మీరిద్దరు రావాలె."

ఈయన నా అనుమతి కోసం చూడనైనా లేదు. "వస్తాం" అన్నారు. "రెడ్డిగారికి వద్దని చెప్పవయ్యా సత్యం. ఆయన కారు బాగానే ఉంది."

"బండి షెడ్డుల వెట్టి రాండ్రి, మీకు శాయ్ చెప్త" అన్నారు లింగయ్య గారు. ఈసారి తలుపు పట్టుకోలేదు.

జనం తప్పుకున్నారు. రోడ్డు ఖాళీగా ఉంది. బంతిపూల రేకులు ఎగిరి మా ఒళ్ళో పడుతున్నాయి. ఈయన రెండో గేరు వేశారు. కారు గొంతు పైకి లేచింది. టెంటు హౌసు బోర్డు ఎడమవైపు వచ్చింది, వెనక్కి పోయింది.

"షెడ్డు దాటిపోయిందండీ" అన్నాను.

"తెలుసు" అన్నారు. మూడో గేరు వేశారు.